గుణుపురం బండి

1900 ఏప్రిల్ 1న నౌపడకూ పర్లాకిమిడికీ మధ్య చిన్న పట్టాల మీద రాకపోకలు మొదలయ్యాయి. దూరం 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. అయిన ఖర్చు 7 లక్షల రూపాయలు. కాగితాల మీద దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. టెక్కలి, పాతపట్నం వైపు జనం నోట మాత్రం అది చిన్న రైలు. తర్వాత పట్టాలు గుణుపురం దాకా సాగాక గుణుపురం బండి అయింది. 2004 జూన్ 9న ఆ బండి ఆగిపోయింది. వందేళ్లు దాటి బతికిన రైలు అది.

దాని గురించి మాట్లాడేవాళ్లందరూ ముందుగా దాని నడకను గుర్తు చేసుకుంటారు. దిగి నడిచి మళ్లీ ఎక్కేవాళ్లమని, డ్రైవరు పేరు పెట్టి పిలిస్తే ఆపేవాడని ముచ్చటగా చెబుతారు. ఆ ముచ్చట్లు నాకూ ఇష్టమే. అయితే ఆ రైలును తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది దాని పనితనం. అంత తక్కువ డబ్బుతో, అంత తక్కువ ఇనుముతో, ఒక సీమకు సరిపోయే రైలును తయారు చేసి నూరేళ్లు నడిపినవాళ్ల నేర్పు గురించి మనం చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు.

అప్పటి పరిస్థితి చూడండి. బెజవాడ నుంచి కటకం దాకా సముద్రపు ఒడ్డు వెంట పెద్ద లైను 1893, 1896 మధ్య పడింది. అది నౌపడ మీదుగా వెళ్లింది. పర్లాకిమిడి లోపలి ఊరు, మహేంద్రతనయ ఒడ్డున, కొండల అంచున ఉంది. మద్రాసుకో కలకత్తాకో వెళ్లాలంటే ముందు పాతిక మైళ్లు బండి బాటన నౌపడకు చేరాలి. గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ అప్పటి పర్లాకిమిడి రాజా. పేరుకు రాజే గాని ఆయనది మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జమీందారీ. బరోడా గాయక్వాడ్‌కో హైదరాబాదు నిజాముకో ఉన్న ఖజానా ఆయనకు లేదు. అయినా తన ఊరికి తానే రైలు వేసుకోవాలనుకున్నాడు. 1898లో ప్రభుత్వం అనుమతి వచ్చింది. రెండేళ్లలో పని పూర్తయింది.

7 లక్షలను 25 మైళ్లకు పంచితే మైలుకు 28 వేల రూపాయలు పడుతుంది. అందులోనే మట్టికట్టలు, తూములు, పట్టాలు, స్టేషన్లు అన్నీ. పిండి కొద్దీ రొట్టె అన్న మాటను ఇంత శ్రద్ధగా పాటించిన కట్టడం మన వైపు మరొకటి నాకు తెలియదు. ఆ పొదుపంతా ఒక్క నిర్ణయంలో ఉంది. అదే పట్టాల మధ్య వెడల్పు.

పెద్ద లైనులో ఆ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. మీటరు గేజిలో 1,000. ఇక్కడ రెండడుగుల ఆరంగుళాలు, 762 మిల్లీమీటర్లు. పెద్ద లైనులో సగం కూడా లేదు. వెడల్పు తగ్గితే దానితోపాటు తగ్గేవి చాలా ఉన్నాయి. స్లీపరు పొట్టిదవుతుంది. కట్ట పైభాగం సన్ననవుతుంది, కనుక తవ్వి పోసే మట్టి తగ్గుతుంది, కొనే నేల తగ్గుతుంది. తూములు, వంతెనలు చిన్నవవుతాయి. పెట్టె తేలికైతే పట్టా సన్నదైనా సరిపోతుంది. ఇంగ్లండ్‌లో పుట్టిన ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంజినీరు ఇదే గేజి మీద 1897లో మహారాష్ట్రలో బార్శీ లైట్ రైల్వే నడిపి చూపించాడు. ఒక్కో ఇరుసు మీద 5 టన్నులకు మించి బరువు పడకుండా ఇంజిన్‌నూ వ్యాగన్లనూ తయారు చేస్తే, గజానికి 30 పౌన్ల బరువుండే సన్నటి పట్టా చాలునన్నది ఆయన వాదం. బరువు తగ్గించనక్కర్లేదు, ఎక్కువ చక్రాల మీద సమంగా పరిస్తే చాలు. బార్శీకీ పర్లాకిమిడికీ మూడేళ్లే తేడా. చిన్న గేజి అంటే బొమ్మ రైలన్న చులకన పోయి, దాన్నొక శాస్త్రంగా చూడటం మొదలైన కాలం అది.

ఈ గేజి గొప్పతనం మలుపులో తెలుస్తుంది. కాస్త నిదానంగా చెబుతాను.

రైలు చక్రాలు రెండూ ఇరుసుకు బిగించి ఉంటాయి. ఎడ్లబండిలో ఒక చక్రం మెల్లగా, ఇంకోటి వేగంగా తిరగొచ్చు. రైల్లో కుదరదు. ఇరుసు ఒక చుట్టు తిరిగితే రెండు చక్రాలూ ఒక చుట్టే తిరుగుతాయి. మలుపులో బయటి పట్టా పొడవు, లోపలి పట్టా పొట్టి. మరి బయటి చక్రం ఎక్కువ దూరం ఎలా పోతుంది? చక్రాన్ని దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. పట్టాను తాకే దాని ముఖం చదునుగా ఉండదు. ఇరవైకి ఒకటి చొప్పున వాలుగా, లోపలి అంచు వైపు లావుగా, బయటి వైపు సన్నగా చెక్కి ఉంటుంది. మలుపులోకి రాగానే ఇరుసు మొత్తం కాస్త బయటికి జరుగుతుంది. బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. అలా ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోతాయి. ఎవరూ తిప్పనక్కర్లేదు, చక్రమే తన దారి వెతుక్కుంటుంది. చక్రానికి లోపలి వైపు పొడుచుకొచ్చి ఉండే అంచు, అంటే ఫ్లాంజి, పట్టాను ఒరుసుకునేది ఈ సర్దుబాటు చాలనప్పుడే.

ఈ సర్దుబాటుకు ఒక హద్దుంది. చిన్న గేజికి ఆ హద్దు దూరంగా ఉంటుంది. బండి పావు వృత్తం తిరిగిందనుకోండి, తూర్పు ముఖం నుంచి ఉత్తర ముఖానికి వచ్చిందన్నమాట. పెద్ద లైనులో బయటి పట్టా లోపలిదానికన్నా సుమారు 2 మీటర్ల 60 సెంటీమీటర్లు ఎక్కువ పొడవుంటుంది. 762 మిల్లీమీటర్ల గేజిలో ఆ తేడా 1 మీటరు 20 సెంటీమీటర్లే. మలుపు వెడల్పయినా ఇరుకైనా ఈ తేడా మారదు, గేజి మీదే ఆధారపడుతుంది. చక్రం సర్దుకోవలసింది సగానికన్నా తక్కువ కనుక చిన్న రైలు ఇరుకు మలుపుల్లోనూ కిర్రుమనకుండా తిరుగుతుంది. మలుపు తిరగగలిగిన లైను కొండను తవ్వనక్కర్లేదు, చుట్టి పోవచ్చు. చెరువును పూడ్చనక్కర్లేదు, గట్టు పక్కన పోవచ్చు. నౌపడ ఉప్పు మడుల నుంచి కొండల అంచు దాకా ఆ లైను అన్ని మెలికలు తిరగడానికి కారణం సోమరితనమని కొందరంటారు. నేల ఎలా ఉంటే అలా పోవడానికే దాన్ని తయారు చేశారు, అది ఆ పని చేసింది.

పట్టాల అతుకుల దగ్గర మరో నేర్పు చూడొచ్చు. ఇనుము వేడికి సాగుతుంది. 10 మీటర్ల పట్టా, వేడి 30 డిగ్రీలు పెరిగితే మూడున్నర మిల్లీమీటర్ల దాకా పొడవు పెరుగుతుంది. అందుకే రెండు పట్టాల మధ్య సందు వదిలి, రెండు పక్కలా ఫిష్‌ప్లేట్లనే ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగిస్తారు. బోల్టు మరీ బిగిస్తే పట్టా కదల్లేక ఎండలో వంకర తిరుగుతుంది. వదులు చేస్తే అతుకు కుంగుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో కీమ్యాన్ చేతికి తెలియాలి. చేతిలో స్పానరు, భుజాన సుత్తి, రోజూ తన వంతు లైను పొడవంతా నడిచి ప్రతి కీనీ ప్రతి బోల్టునీ చూసుకోవడం అతని ఉద్యోగం. సుత్తితో తట్టి, వచ్చే చప్పుడును బట్టి బిగువు చెప్పేవాడు. మనం పెట్టెలో కూర్చుని విన్న ఆ టకటక అతను వదిలిన సందు చప్పుడే. అది ఒకే తాళంలో పడిందంటే సందులన్నీ సమంగా ఉన్నాయని లెక్క. గ్యాంగు కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఆ లైను నూరేళ్లు నిలిచింది మాత్రం వాళ్ల వల్లే.

ఇంజిన్ దగ్గరికి వస్తే, ఆవిరి కాలంలో నిజమైన కళ ఫైర్‌మన్‌ది. చూసేవాళ్లకు బొగ్గు ఎత్తి పోయడమే కనిపిస్తుంది. పార నిండా తెచ్చి గుమ్మరిస్తే నల్లటి పొగ లేస్తుంది, నిప్పు చల్లబడుతుంది, ఆవిరి పడిపోతుంది. పనితనం తెలిసినవాడు కొంచెం కొంచెంగా, తరచుగా, నిప్పుపొర పలచబడిన చోట చూసి వేస్తాడు. నిప్పు గూటి తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లగాలి లోపలికి పోతుంది కనుక తెరవడం, వేయడం, మూయడం ఒకే ఊపులో జరగాలి. అదీ కదిలే ఇంజిన్ మీద, ఇరుకు జాగాలో. ఇంకో కన్ను నీటి మట్టం చూపే గాజు గొట్టం మీద ఉండాలి. నీళ్లు తగ్గితే బాయిలరుకే ప్రమాదం. ఎత్తు వస్తోందని ముందే తెలిసి, ఎత్తు రాకముందే ఆవిరి సిద్ధం చేయాలి. అంటే దారి అంతా తలలో ఉండాలి. పొగగొట్టం మీద పొగ రంగు చూసి ఇవాళ ఫైర్‌మన్ ఎవరో చెప్పగలిగేవాళ్లు లైను పక్క ఊళ్లలో ఉండేవారంటే నాకు ఆశ్చర్యం లేదు. చివరి ఏళ్లలో డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. పని సులువైంది, ఆ విద్య మరుగున పడింది.

పెట్టెల్లో చెక్క బల్లలు, ఎదురెదురు కూర్చుంటే మోకాళ్లు తగిలేంత దగ్గర. ప్లాట్‌ఫారం ఎత్తు లేకపోయినా పెట్టె నేలకు దగ్గరగా ఉండటంతో ముసలివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా ఎక్కేవారు. చింతపండు బుట్టలు, పసుపు మూటలు, అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్లు, సంతకు పోయే కోళ్లు, వాటి మధ్య మనుషులు. సవరలు, ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు ఒకే బల్ల మీద సర్దుకుని కూర్చునేవారు. బల్ల ఇరుకు కనుక మాట కలవక తప్పదు. ఒక కుటుంబం తెలుగులో మొదలుపెట్టిన మాటకు ఎదుటివాళ్లు ఒడియాలో జవాబివ్వడం, ఇద్దరికీ అర్థం కావడం ఆ బండిలో మామూలు విషయం.

నేను అన్నిటికంటే మురిసిపోయే వస్తువు టికెట్. అరచేతిలో మూడో వంతు కూడా నిండని గట్టి అట్టముక్క. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు. దీన్ని కనిపెట్టింది థామస్ ఎడ్మండ్‌సన్. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్‌కు చెందిన వడ్రంగి, బీరువాలు, బల్లలు చేసేవాడు. వ్యాపారం చితికిపోయాక 1830ల చివరలో ఒక చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టరుగా చేరాడు. అప్పటిదాకా టికెట్లు చేత్తో రాసిచ్చేవారు. ఆలస్యం, లెక్క తేలదు. ఆయన అట్టముక్కలను ఒకే కొలతలో కోసి, వాటి మీద వరస నంబర్లు అచ్చు వేయించి, తేదీ కొట్టే చిన్న యంత్రం కూడా తయారు చేశాడు. ఆ కొలత ప్రపంచమంతా పాకింది. నౌపడ కిటికీ దగ్గర పాసింజరుకు దొరికిన టికెట్టూ ఆ వడ్రంగి గీసిన కొలతే.

దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. బయలుదేరే ఊరు, చేరే ఊరు, తరగతి, చార్జీ. రెండు చివర్లా ఒకే నంబరు. నంబరు రెండుచోట్ల ఎందుకంటే, చిన్నపిల్లల టికెట్ ఇవ్వాలంటే గుమాస్తా ఒక ముక్క కత్తిరించి తన దగ్గర ఉంచుకుంటాడు, ఆ ముక్క మీదా నంబరు ఉంటుంది, మిగిలిన టికెట్ మీదా ఉంటుంది. టికెట్లు నిలువు గూట్లో నంబరు వరసన పేర్చి ఉంటాయి, ఒక్కో ఊరికి ఒక్కో గూడు. కింది నుంచి ఒకటి లాగితే పైదంతా ఒక మెట్టు దిగుతుంది. తేదీ యంత్రంలో పెట్టి తోస్తే టక్కుమని తేదీ పడుతుంది. పొద్దున్న గూట్లో ఉన్న మొదటి నంబరు రాసుకుంటారు, రాత్రి మిగిలిన మొదటి నంబరు రాసుకుంటారు. ఒకదాన్ని ఇంకొకదాంట్లోంచి తీసేస్తే ఎన్ని అమ్ముడుపోయాయో తెలుస్తుంది. చార్జీతో గుణిస్తే గల్లాలో ఎంత ఉండాలో తెలుస్తుంది. ఒక మనిషి, ఒక చెక్క గూడు, ఒక తీసివేత. కరెంటు లేని ఊళ్లో కూడా పైసా తేడా రాకుండా నడిచే ఏర్పాటు అది. దాన్ని చూసి కూడా పాత కాలపు అట్టముక్క అనేవాళ్లకు నేనేం చెప్పగలను!

మొదట్లో ఈ రైలుకు నష్టమే వచ్చింది. 1910 నాటికి కాస్త లాభం కనిపించింది. 1924-25 తర్వాత ఆదాయం పెరిగింది. అప్పటికి గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి రాజా. ఒడిశా చరిత్రలో పెద్ద పేరు ఆయనది. లాభం కళ్ల చూశాకే ఆయన లైను పెంచాడు. పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా వంశధార లోయ వెంట 1929లో కొంత, 1931లో మిగిలింది, గుణుపురం దాకా. మొత్తం 90 కిలోమీటర్లు. ముందు కొంత వేసి, అది తన కాళ్ల మీద నిలబడిందని చూసుకుని, తర్వాత మిగతాది వేయడం. ఈ ఓపికను కూడా నేను పనితనంలోనే లెక్కేస్తాను.

ఆ తర్వాత ఆ లైను మీద ఎవరూ ఊహించనిది జరిగింది. పట్టాలు వేసినప్పుడు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా 36 ఏళ్ల తర్వాత, అదే తేదీన. పాతపట్నం ఇటు, దాన్ని ఆనుకునే ఉన్న పర్లాకిమిడి అటు. పర్లాకిమిడిలో దశాబ్దాలు పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు ఆ ఏడే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. తెలుగు ప్రాంతం అటు వెళ్లడం ఆయన మనసుకు పట్టలేదు. సరిహద్దు ఎక్కడ గీసినా బండి మాత్రం రెండు వైపులా ఆగుతూనే ఉంది. ఇటు ఇల్లూ అటు పొలమూ ఉన్నవాళ్లకు, అటు కూతుర్ని ఇచ్చి ఇటు కోడల్ని తెచ్చుకున్నవాళ్లకు ఆ రైలే రాష్ట్రాన్ని మించిన వసతి.

దాని లోపమూ చెప్పాలి. నౌపడలో చిన్న పట్టాలు ఆగి పెద్ద పట్టాలు మొదలవుతాయి. చిన్న వ్యాగన్ పెద్ద లైను ఎక్కలేదు. గుణుపురంలో ఎక్కించిన ప్రతి మూటనూ నౌపడలో దింపి, మోసి, మళ్లీ ఎక్కించాలి. రోడ్లు లేనప్పుడు ఆ కష్టం భరించారు. లారీ వచ్చి సరుకును గుమ్మం దగ్గర ఎత్తుకుని గుమ్మం దగ్గర దింపడం మొదలయ్యాక ఆ మోత దండగగా కనిపించింది. బస్సు వేగం ముందు బండి నిలవలేకపోయింది. పెద్ద లైను కావాలని అక్కడి జనం అడిగింది న్యాయమైన కోరికే. 2002 సెప్టెంబరు 27న గేజి మార్పుకు అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి శంకుస్థాపన చేశారు. 2004లో చిన్న బండి ఆపేశారు. పెద్ద పట్టాల మీద 2010 జులైలో పర్లాకిమిడి దాకా, 2011 ఆగస్టులో గుణుపురం దాకా రైలు నడిచింది. ఇవాళ గుణుపురంలో ఎక్కినవాడు నౌపడలో దిగకుండానే పెద్ద ఊళ్లకు పోతున్నాడు. 1898లో రాజా తాహతుకు అందనిది అదే.

గేజి మార్చినందుకు నేను బాధపడను. ఆ చిన్న లైనును కట్టి నడిపినవాళ్ల విద్యను ఎవరూ సరిగా రాసిపెట్టలేదే అన్నదే నా బాధ. ఇంజిన్‌ను రంగు వేసి అద్దాల వెనక నిలబెట్టొచ్చు. నిప్పు ఎక్కడ పలచబడిందో చూసి ఎలా వేయాలో, బోల్టు ఎంతవరకు తిప్పి ఆపాలో ఇంజిన్ చెప్పదు. మనిషే చెప్పాలి.

కనుక నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు వాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో ఆ లైను మీద పనిచేసిన తాతగారో మావయ్యగారో ఉంటే ఒక పూట పక్కన కూర్చుని, ఆయన చేసిన పనిని అడుగు అడుగునా అడిగి ఫోనులో రికార్డు చేయండి. ట్రంకుపెట్టె అడుగున పాత అట్ట టికెట్టో, స్టేషన్ ముందు తీయించుకున్న ఫొటోనో కనిపిస్తే వెనక ఊరు పేరు, ఏడు, అందులో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిలుతో రాసి దాచండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా, సవరలో చెప్పినా పనికొస్తుంది. ఈ ఏడే మొదలుపెట్టండి.